విశాఖపట్టణపు గాలి

విశాఖపట్టణమున రేవునకును రైలుమార్గమునకును నడుమ నున్న పాతపేటలలో నివసించు గృహిణి ప్రాతఃకాలమున లేచి మొట్టమొదట చేయు పని ముంగిట కళ్లాపి చల్లుట కాదు. రాత్రి కిటికీ గట్టుపై పేరుకొనిన నల్లని పొడిని తడిగుడ్డతో తుడుచుట. ఇటీవల నొక యుదయమున నేను జ్ఞానాపురమున ఒక మిత్రుని యింట కూర్చుండి యుంటిని. ఆయన తల్లి, డెబ్బది యేండ్లు దాటిన వృద్ధురాలు, ఆ గుడ్డను తెచ్చి నాయెదుట పఱచి, "బాబూ, నువ్వు పేపర్లో రాస్తావంట గదా, ఇదీ రాయి" అన్నది. గుడ్డ మసిబొగ్గువలె నున్నది. "నిన్న సాయంత్రమే ఉతికాను" అని ఆమె చెప్పిన తరువాత మఱి చెప్పవలసిన దేమియు లేకపోయినది.

ఆమె యాజ్ఞ ననుసరించియే ఈ వ్యాసము వ్రాయుచున్నాను. మన పెద్దలు పంచభూతములలో వాయువును ప్రాణమునకు పర్యాయముగా నెంచిరి. అన్నము లేక మనుష్యుడు కొన్ని వారములు బ్రతుకవచ్చును. నీరు లేక కొన్ని దినములు బ్రతుకవచ్చును. గాలి లేక కొన్ని నిమిషములైనను బ్రతుకజాలడు. అన్నమును ఎంచుకొని తినవచ్చును. నీటిని వడగట్టుకొని త్రాగవచ్చును. గాలి విషయమున ధనవంతునకుగాని దరిద్రునకుగాని ఎంపిక లేదు. ఊరిలో నెట్టి గాలి యున్నదో అట్టి గాలినే పీల్చవలెను. కావున గాలి యొక్క యోగక్షేమము గృహస్థుని స్వవిషయము కాదు, పాలకుల ధర్మము. ఆ ధర్మము విశాఖపట్టణమున ఎట్లు నెఱవేఱుచున్నదో విచారింతము.

ప్రకృతి పన్నిన పాత్ర

విశాఖపట్టణము చూచువారి కన్నులకు పండువు. తూర్పున సముద్రము, ఉత్తరమున కైలాసగిరి పంక్తి, దక్షిణమున యారాడ కొండలు, వాని కొసను సముద్రములోనికి చొచ్చుకొనిపోయిన డాల్ఫిన్స్ నోస్ అను శిల. ఈ సౌందర్యమే గాలి విషయమున శాపమైనది. రెండు కొండల నడుమ నున్న నగరము ఒక పాత్రవలె నున్నది. పగటివేళ సముద్రపుగాలి వీచి పొగను లోపలికి నెట్టును. రాత్రివేళ నేలగాలి వీచి దానిని మఱల వెనుకకు త్రిప్పును. పొగ వెలుపలికి పోవుటకు మాఱు పాత్రలోనే ఇటునటు ఊగులాడుచుండును.

శీతకాలమున నీ బాధ యధికము. మార్గశిర పుష్యమాసముల రాత్రులలో నేల త్వరగా చల్లబడును. నేలను తాకిన గాలియు చల్లబడి బరువెక్కును. దానిపై వెచ్చని గాలి మూతవలె నిలుచును. వెచ్చని పొగ సాధారణముగా పైకెగసి చెదరిపోవలసినది గాని, ఈ మూత క్రింద చిక్కుకొని ప్రాతఃకాలమున జనుల ముక్కుపుటముల యెత్తుననే నిలిచియుండును. వర్షకాలమున వాన కడుగును గనుక నగరవాసులు కొంత ఊపిరి పీల్చుకొందురు. వర్షమునకు మనము కృతజ్ఞులము. కాని వానను నమ్ముకొని నగరపాలన చేయు రాజ్యమును ఏమనవలెను?

ఇట్టి పాత్రలో పొగగొట్టముల నెచట నిలుపవలెనో నిర్ణయించువారు గాలి పోకడను ముందు విచారింపవలసి యుండెను. విశాఖలో నట్లు జరుగలేదు. భారీ పరిశ్రమలు నివాసములకు పడమరను, నైరుతిని, కొండల నడుమ పల్లమునందు వెలసినవి. సంవత్సరములో పెక్కు నెలలు వీచు గాలి నైరుతి గాలి. అనగా పొగ పుట్టుచోటినుండి జనులు నిద్రించుచోటికి ప్రకృతియే బాట వేసినది. మనము ఆ బాట మొదటనే పొగగొట్టములను నాటితిమి.

పరిశ్రమలు మన పగవి కావు

ఈ మాట చెప్పుటలో పరిశ్రమలను నిందించుట నా యభిమతము కాదు. విశాఖ పరిశ్రమల చరిత్రలో ఆంధ్రుల యాత్మగౌరవ చరిత్ర యిమిడియున్నది. 1933 లో రేవు తెఱువబడెను. 1941 లో సింధియా వారి నౌకానిర్మాణశాలకు బాబూ రాజేంద్రప్రసాదు శంకుస్థాపన చేసిరి; అందు నిర్మింపబడిన "జల ఉష" నౌకను 1948 మార్చిలో జవహర్లాల్ నెహ్రూ జలప్రవేశము చేయించిరి. 1957 లో చమురుశుద్ధి కర్మాగారము, 1967 లో ఎరువుల కర్మాగారము, 1977 లో జింకు కరగించు కర్మాగారము వచ్చినవి. 1966 లో "విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు" అను నినాదముతో రాష్ట్రమంతయు నుప్పొంగెను. ఆ యుద్యమమున 32 మంది ప్రాణము లర్పించిరి. 1971 లో ఇందిరాగాంధి శంకుస్థాపన చేసిన ఉక్కు కర్మాగారమును 1992 లో పి. వి. నరసింహారావు జాతి కంకిత మొనర్చిరి.

ఇట్లు రక్తము చిందించి తెచ్చుకొనిన పరిశ్రమను ద్వేషించు ఆంధ్రుడుండడు. ఐనను, హక్కు కొఱకు ప్రాణములిచ్చిన వారి మనుమలు ఆ హక్కు పొగలో దగ్గుచు పెరుగవలెనని ఎవ్వరును కోరియుండలేదు. ఉక్కు మనదైనట్లే ఊపిరియు మనదే. ఒకటి కావలెనన్న రెండవది వదలుకొనవలెనను వాదము చేతకానివారి వాదము.

చరిత్ర మనకు హెచ్చరికలను సైతము ఇచ్చినది. 1997 సెప్టెంబరు 14 వ తేదీని చమురుశుద్ధి కర్మాగారమున వంటగ్యాసు వెలువడి మంటలు చెలరేగగా సుమారు 60 మంది దగ్ధులైరి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009 లో దేశములోని పారిశ్రామిక ప్రాంతములకు మార్కులు వేసినపుడు విశాఖకు 70 కి మించి వచ్చినవి. ఈ పరీక్షలో ఎక్కువ మార్కులు వచ్చుట తప్పుట కన్న హీనము. 70 దాటిన ప్రాంతములు విషమ కాలుష్యప్రాంతము లనబడినవి. 2010 జనవరిలో ఇట్టి ప్రాంతములలో క్రొత్త పరిశ్రమలకును విస్తరణలకును కొంతకాలము అనుమతులు నిలిపివేయబడినవి. తరువాత ఆ నిషేధము తొలగినది. జింకు కర్మాగారము 2012 లో మూతపడినది. చమురుశుద్ధి కర్మాగారపు వార్షిక సామర్థ్యము సుమారు 83 లక్షల టన్నుల నుండి 150 లక్షల టన్నులకు పెంపబడినది. రేవున ఏటేట దిగునట్టియు ఎక్కునట్టియు సరకు 7 కోట్ల టన్నులను మించినది. 2011 జనాభా లెక్కలలో నగర జనులు 17 లక్షలు. ఇప్పటి సంఖ్య అంతకు మిక్కిలి. పాత్ర పెరుగలేదు, అందు పోయు పొగ పెరిగినది, పీల్చు ముక్కులును పెరిగినవి.

కంటికి కనబడునది, కనబడనిది

ఆ వృద్ధురాలి గుడ్డపై నున్న నల్లని పొడి ఎచటిది? ఓడనుండి బొగ్గును గాని ఇనుపరాయిని గాని దించునపుడు, కుప్పలు పోయునపుడు, కుప్పనుండి వాగనులకెత్తునపుడు, లారీలో పోయునపుడు – ప్రతి యెత్తుడు దించుడునందును ధూళి లేచును. సరకు ఎన్నిమార్లు ఎత్తునుండి పడునో అన్నిమార్లు గాలిలోనికి పొడి పోవును. కుప్పలపై నీరు చల్లుదురు, టార్పాలిన్లు కప్పుదురు, చెట్లు నాటుదురు. అన్నియు మంచివే. కాని వైశాఖపు టెండలో చల్లిన నీరు గంటలలో నారిపోవును. గాలి విసరిన కుప్ప మఱల లేచును. దక్షిణమున గంగవరము రేవు ప్రాంతపు గ్రామముల వారును ఇదే మొఱ పెట్టుకొనుచున్నారు.

ఐనను ఈ కనబడు పొడియే సర్వమును అనుకొనుట పొరపాటు. గాలిలోని రేణువులను శాస్త్రజ్ఞులు రెండు తరగతులుగా లెక్కింతురు. మీటరులో పదిలక్షవ వంతునకు మైక్రాను అని పేరు. 10 మైక్రానులకు లోబడినవి పి. ఎం. 10 అనబడును, అందు ముతక భాగము ముక్కునందును గొంతునందును చాలవఱకు చిక్కుకొని దగ్గును, ఉబ్బసమును రేపును. 2.5 మైక్రానులకు లోబడినవి వెంట్రుక మందములో ఇరువదవ వంతుకన్న చిన్నవి. వీనిని ముక్కు ఆపజాలదు. ఊపిరితిత్తుల కొసలకు పోయి, అచటనుండి రక్తమునందు ప్రవేశించి, గుండెకును మెదడునకును చేటు తెచ్చును. వీనిలో ననేకము పొగగొట్టమునుండి రేణువులుగా రానేరావు. బొగ్గును చమురును కాల్చినపుడు సల్ఫర్ డయాక్సైడు అను గంధకపు వాయువు వచ్చును. ఇంజనులలో నత్రజని యాక్సైడులు పుట్టును. ఇవి గాలిలో తేమతోను అమ్మోనియాతోను కలిసి కొన్ని గంటలలో సూక్ష్మరేణువులుగా మాఱును. కనుక గొట్టము కొసను పొగ తెల్లగా నున్నదని సంతోషించుట కూడదు. కిటికీ గట్టుపై పడి గుడ్డ కంటుకొను పొడికన్న, పడక గాలిలో తేలుచు గుండెలో చేఱునదియే ప్రాణాంతకము.

ఈ రేణువులకు మూలము లనేకములు. చమురుశుద్ధి, ఉక్కు, ఎరువుల కర్మాగారములు, పరవాడయొద్దను పాలవలసయొద్దను బొగ్గును కాల్చు విద్యుత్కేంద్రములు, రేవున లంగరు వేసిన ఓడల ఇంజనులు, జాతీయ మార్గమున నగరము నడుమనుండి పోవు లారీలు, గృహనిర్మాణపు ధూళి, వీథి మూలలలో కాల్చు చెత్త. కొన్ని విషయములలో మేలు జరిగినది. 2020 ఏప్రిల్ 1 వ తేదీనుండి దేశమంతట పెట్రోలు డీసెలులలోని గంధకము పదిలక్షల వంతులకు 50 వంతులనుండి 10 వంతులకు తగ్గింపబడినది. ఆ సంవత్సరమే జనవరినుండి ప్రపంచమంతటను ఓడల చమురులోని గంధకమును నూటికి మూడున్నర వంతులనుండి అరవంతునకు తగ్గించిరి. చట్టము గట్టిగా నిలుచునెడల వర్తకమును ఆగిపోదు, పరిశ్రమయు మూతపడదు అనుటకు ఇవి రెండును సాక్ష్యములు.

ఇక ప్రమాణముల మాట. ఘనమీటరు గాలిలో పి. ఎం. 10 వార్షికపు సగటు 60 మైక్రోగ్రాములు, పి. ఎం. 2.5 సగటు 40 మైక్రోగ్రాములు మించరాదని 2009 లో మన ప్రభుత్వమే నిర్ణయించినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 లో ఈ హద్దులను క్రమముగా 15 గాను 5 గాను నిర్ణయించినది. అంతర్జాతీయపు హద్దు అటుండనిండు. మనము గీచుకొనిన గీతనే విశాఖ పలుమార్లు దాటినది కావుననే జాతీయ పరిశుద్ధవాయు ప్రణాళికలో ప్రమాణమునకు తప్పిన నగరముల పట్టికలో చేరినది. 2019 లో దేశమున మలినవాయువు మూలమున సంభవించిన మరణములు, వంటింటి పొగవలని వానితో గూడ, 16 లక్షల 70 వేలని భారత వైద్య పరిశోధన మండలి పాల్గొనిన పరిశీలన అంచనా వేసినది. కరవు వచ్చి ఇందులో పదవవంతు జనులు నశించినచో దేశము దద్దరిల్లును. గాలి చంపినవారికి శవపంచాయతి లేదు. మరణపత్రమున గుండెజబ్బు అని వ్రాయుదురు, ఊరకుందురు.

ఆ రాత్రి చెప్పిన పాఠము

2020 మే 7 వ తేదీ తెల్లవారుజామున మూడుగంటల వేళ ఆర్. ఆర్. వెంకటాపురమున ఏమి జరిగినదో ఆంధ్రులు మఱచియుండరు. ఎల్. జి. పాలిమర్స్ కర్మాగారపు తొట్టినుండి స్టైరీను అను ద్రవము ఆవిరియై గ్రామముపై క్రమ్మెను. ఆ ఆవిరి గాలికన్న బరువైనది. పైకి పోక నేలవెంట ప్రాకినది. నిద్రలోనున్న జనులు వీథులలోనికి పరుగెత్తి, పరుగెత్తినచోటనే కూలిరి. 12 మంది మరణించిరి. వందలకొలది జనులు ఆసుపత్రుల పాలైరి. మూగజీవములు వాకిళ్లలో నురుగులు క్రక్కి చచ్చినవి.

కారణము దైవికము కాదు. స్టైరీనును చల్లగా నుంచవలెను. తనలో తాను గట్టిపడకుండ నిరోధకద్రవ్యము కలుపవలెను. గట్టిపడుట యారంభించినచో అది వేడిని పుట్టించును. ఆ వేడి మఱింత త్వరగా గట్టిపఱచును. అట్లు నిప్పునకు గాలి తోడైనట్లు వేడి వేడినే పెంచును. మహమ్మారి కారణమున కర్మాగారము కొన్ని వారములు మూతపడియుండగా ఈ జాగ్రత్తలు లోపించినవి. తొట్టి నిర్మాణమునను, శీతలీకరణమునను, నిరోధకద్రవ్యపు నిలువలోను లోపములున్నవని రాష్ట్రప్రభుత్వము నియమించిన ఉన్నతాధికార సంఘము తేల్చినది. ప్రమాదసూచకమగు సైరను మ్రోగనేలేదు. విలువగల పర్యావరణానుమతి లేకయే కర్మాగారము నడచుచుండినదని సంస్థయే యొప్పుకొన్నది. జాతీయ హరిత న్యాయస్థానము మఱునాడే 50 కోట్ల రూపాయలు తాత్కాలికముగా జమకట్టుమని యాజ్ఞాపించినది.

కర్మాగారము 1961 లో స్థాపితమైనపుడు చుట్టును పొలములుండెను. తరువాత ఇండ్లు దానిని చుట్టుముట్టినవి. ఇండ్లు కట్టుకొనుటకు అనుమతించినది ప్రభుత్వమే. కర్మాగారమును విస్తరించుకొనుటకు అనుమతించినదియు ప్రభుత్వమే. రెండు కాగితములును రెండు కార్యాలయములలో నుండెను, ఒకదానికొకటి యెదురుపడలేదు. ఆ రెండు కాగితముల నడుమ పండ్రెండు ప్రాణములు పోయినవి. దినదినము పీల్చు పొగకును ఆ రాత్రి పీల్చిన ఆవిరికిని భేదము వేగమునందే కాని తీరునందు కాదు. రెండింటికిని మూలము బాధ్యత ఒకచోట నిలువకుండుటయే.

ధనమొకచోట, అధికారమొకచోట

2019 జనవరిలో కేంద్రప్రభుత్వము జాతీయ పరిశుద్ధవాయు ప్రణాళికను ప్రకటించినది. 2017 నాటి స్థితితో పోల్చి రేణువులను 2024 నాటికి నూటికి 20 నుండి 30 వంతులు తగ్గింపవలెనని మొదటి సంకల్పము. తరువాత 2026 నాటికి 40 వంతులని మార్చిరి. ఆంధ్రప్రదేశమునుండి విశాఖతో సహా 13 నగరములు ఈ పట్టికలో నున్నవి. ధనము వచ్చినది. దేనిపై వెచ్చించిరి?

ఢిల్లీలోని విజ్ఞాన పర్యావరణ కేంద్రము 2024 లో ప్రకటించిన పరిశీలన ప్రకారము, దేశమంతట నీ ప్రయత్నముక్రింద వ్యయమైన ధనములో నూటికి 64 వంతులు మార్గములపై దుమ్మును అడచుటకే పోయినది. వాహనముల పొగకు సుమారు 13 వంతులు. పరిశ్రమల పొగకు నూటికి ఒక్క వంతైనను లేదు. అనగా మార్గములు వేయుట, అంచులలో రాళ్లు పఱచుట, యంత్రములతో ఊడ్చుట, నీటి తుంపరల బండ్లు త్రిప్పుట – ఇవి పరిశుద్ధవాయువు పేర జరిగిన పనులు.

ఇట్లేల జరిగినది? అధికారుల దుర్బుద్ధి యనుట సులభము, నిజము వేఱు. ప్రణాళికలో జయాపజయములకు కొలబద్ద పి. ఎం. 10 మాత్రమే, ప్రాణాంతకమగు పి. ఎం. 2.5 కాదు. ముతక రేణువును తగ్గించుటకు వీథి యూడ్చుట సులభోపాయము. పరీక్షలో ఏ ప్రశ్న వచ్చునో విద్యార్థి దానినే చదువును. మఱియు ధనము చేరునది నగరపాలక సంస్థకు. నగరపాలక సంస్థ వీథినూడ్వగలదు, చెత్తనెత్తగలదు. రేవు కేంద్రప్రభుత్వపుది, చమురుశుద్ధి కర్మాగారము కేంద్రప్రభుత్వ సంస్థది, పొగగొట్టముల తనిఖీ రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలిది, లారీల తనిఖీ రవాణాశాఖది. చేతిలో చీపురున్నవానికి చీపురుతో చేయగల పనియే తోచును. ధనమున్నవానికి అధికారము లేదు. అధికారమున్నవానిని ఫలితమడుగువాడు లేడు.

అధికారము లేదని ఎవరైన ననినచో అది యబద్ధము. 1981 నాటి వాయు చట్టమునకు 1987 లో చేసిన సవరణచే కాలుష్య నియంత్రణ మండలికి పరిశ్రమను మూయించుటకును, నీటిని విద్యుత్తును నిలుపుటకును అధికారము వచ్చినది. పరిశుద్ధమగు గాలి జీవనహక్కులో భాగమని 1991 లో సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. కాని ఆచరణ మాట యేమి? బొగ్గు విద్యుత్కేంద్రములు గంధకపు పొగను అడచు యంత్రములను పెట్టుకొనవలెనని 2015 డిసెంబరులో నిబంధన చేసిరి, రెండేండ్ల గడువిచ్చిరి, గడువు పలుమార్లు పొడిగించిరి, తుదకు 2025 జూలైలో దేశములోని అధికసంఖ్యాక కేంద్రములకు ఆ నిబంధననుండియే మినహాయింపు నిచ్చిరి. 2023 లో జన విశ్వాస చట్టము వాయు చట్టములోని పెక్కు నేరములకు చెఱశిక్షను తొలగించి 10 వేలనుండి 15 లక్షల రూపాయల వఱకు దండుగ నేర్పఱచినది. వేలకోట్ల వ్యాపారము చేయు సంస్థకు 15 లక్షలు ఏపాటి? 

కౌటిల్యుని అర్థశాస్త్రమున నగరపాలకుని విధులను చెప్పుచోట, వీథిలో దుమ్ము పోసినవానికి పణములో ఎనిమిదవ వంతు దండుగ విధింపబడినది. ఆ దండుగ దుమ్ము పోసినవానిపై పడినది. మన కాలమున దుమ్ము పోసినవాడు వేఱు, ఊడ్చుటకు ధనమిచ్చువాడు వేఱు. ఆ ధనము మన పన్ను. అనగా దుమ్ము పీల్చినవాడే దండుగయు కట్టుచున్నాడు.

రెండు ఆక్షేపణలు

ఈ వాదమునకు రెండు ఆక్షేపణలు వినబడుచుండును. మొదటిది: కఠినముగా వర్తించినచో పరిశ్రమలు పోవును, పని పోవును, కూలివాని నోటిలోని ముద్ద పోవును. ఈ భయమును తేలికగా త్రోసివేయరాదు. గాజువాకలోను మల్కాపురములోను వేలకుటుంబములు ఈ కర్మాగారముల జీతములపై బ్రతుకుచున్నవి. ఐతే పొగను మొదట పీల్చువాడును ఆ కూలివాడే. పని మానిన దినమున జీతము పోవును. దగ్గుచు మంచమెక్కినపుడు వైద్యునకు పోవు ధనమును జీతమునుండియే. ఎవ్వరును కర్మాగారమును మూయుమనుట లేదు. బొగ్గును తెరపినేలపై కుప్ప పోయుటకు మాఱు కప్పుగల కొట్టులలో నుంచుట, మూసిన వాహకపట్టీలపై సరకు పోనిచ్చుట ఇతరదేశముల రేవులలో వాడుకలో నున్న పద్ధతులు. వానికగు వ్యయము సరకు విలువలో చేరవలెను. గృహిణి గుడ్డపై చేరగూడదు.

రెండవది: విశాఖ గాలి ఢిల్లీ గాలికన్న మేలు గదా, సముద్రపు టుప్పును ఎండిన నేల దుమ్మును సైతము లెక్కలోనికి వచ్చుచున్నవి గదా యని. రెండును నిజములే. కాని పొరుగింటివాడు క్షయరోగి యైనచో మన యింటి జ్వరమునకు మందు మానుదుమా? ఉప్పును నేలదుమ్మును ప్రకృతి యిచ్చినది. వానిపై మన పొగను పేర్చుట ప్రకృతి పని కాదు. పైగా సముద్రముండియు, నైరుతి గాలి యుండియు, మంచి వాన కురిసియు ప్రమాణము తప్పు నగరమునకు ఢిల్లీతో పోల్చుకొను నర్హత యెక్కడిది?

సగటు సంఖ్యయును మోసగించును. చిరకాలము ఇంత నగరమునకు రేయింబవళ్లు నిరంతరముగా గాలిని కొలుచు యంత్రము నగరపాలక సంస్థ ప్రాంతమున ఒక్కటే యుండెను. తక్కినచోట్ల వారమునకు రెండు దినములు చేతితో నమూనా తీయుదురు. ప్రతిదినము ప్రకటింపబడు గాలి సూచికలో 50 వఱకు "మంచిది", 100 వఱకు "తృప్తికరము", 200 వఱకు "మధ్యస్థము" అని పేర్లు. ఒకచోటి యంత్రము తృప్తికరమని చెప్పినపుడు, అచటికి కొన్ని మైళ్ల దూరమున బొగ్గు కుప్పల ప్రక్క నున్న ముసలితల్లికి ఆ తృప్తి యెట్లు కలుగును?

చేయదగినవి

దోషములనెన్ని ఊరకుండుట పత్రికాధర్మము కాదు. నా కల్పబుద్ధికి తోచినవి మనవి చేయుచున్నాను.

ఒకటి. విశాఖకు ఒక్క బాధ్యుడు కావలెను. రేవు, కర్మాగారములు, విద్యుత్కేంద్రములు, రవాణా, నగరపాలన – ఈ అన్నింటిపై గాలి విషయమున ఆజ్ఞ చెల్లునట్టి అధికారమును చట్టముచే ఒకచోట చేర్చి, సంవత్సరాంతమున ఆ యధికారి శాసనసభకు లెక్క చెప్పునట్లు చేయవలెను. ఢిల్లీ పరిసరముల కొఱకు 2021 లో పార్లమెంటు చట్టముచే ఇట్టి సంఘము నేర్పఱచిరి. దాని గుణదోషములను చూచి మనకు తగినట్లు మలచుకొనవచ్చును.

రెండు. కొలబద్ద మారవలెను. పి. ఎం. 2.5 ను లెక్కలోనికి తీసికొనవలెను. నిరంతర యంత్రములను నగరము నడిబొడ్డున గాక జ్ఞానాపురమున, మల్కాపురమున, గాజువాకలో, పరవాడలో, గంగవరము ప్రక్క నిలుపవలెను. ఏ మూలమునుండి ఎంత పొగ వచ్చుచున్నదో శాస్త్రీయముగా విభజించి, ఆ లెక్కను జనుల యెదుట పెట్టవలెను. ధనమును ఆ నిష్పత్తి ననుసరించియే వెచ్చింపవలెను.

మూడు. 2014 నుండి పదునేడు తరగతుల భారీ పరిశ్రమలు తమ పొగగొట్టములకు నిరంతర కొలత యంత్రములు పెట్టి అంకెలను కాలుష్య మండలులకు పంపవలెనని నియమమున్నది. ఆ అంకెలు పరిశ్రమకును అధికారికిని నడుమ రహస్యముగా నుండరాదు. కర్మాగారపు ద్వారమునొద్దనే పెద్ద పలకపై, తెలుగులో, పామరునకును తెలియునట్లు, నేటి పొగ యింత, హద్దు ఇంత అని వ్రాయవలెను. సిగ్గుకన్న చవుకయైన శాసనము లేదు.

నాలుగు. రేవులలో బొగ్గును ఇనుపరాయిని తెరపినేలపై నిలువచేయుటకు ఒక తుదిగడువు విధింపవలెను. ఆ గడువు పొడిగింపునకు నోచరాదు. లంగరువేసిన ఓడలకు ఒడ్డునుండి విద్యుత్తు నిచ్చి ఇంజనులను ఆర్పించవలెను.

ఐదు. ప్రతి ప్రమాదకర కర్మాగారము చుట్టును ఇండ్లులేని వలయముండవలెను. ఇదివఱకే యిండ్లున్నచోట సైరను మ్రోగించు అభ్యాసము ఏటికి రెండుమార్లు జనులతో గలిసి చేయవలెను. 2020 లో మ్రోగని సైరను ఇక నెన్నడును మూగవోరాదు.

ఆఱు. నగరవాసులును నిర్దోషులము కాము. వీథి చివర చెత్తకు నిప్పు పెట్టువారము మనమే. అరమైలు దూరమునకు మోటారు బండి నెక్కువారము మనమే. బస్సులు తగినన్ని కావలెనని ప్రభుత్వము నడుగుటయు, వచ్చిన బస్సు నెక్కుటయు మన పని.

తుదిమాట

ఈ కోరికలలో విపరీతమైనది ఒక్కటియు లేదు. చట్టము మనదే, కర్మాగారములలో పెక్కు మనవే, రేవు మనదే, ప్రభుత్వము మనదే. పరపాలకుల కాలమున మొఱ పెట్టుకొనుటకు పరాయివాడుండెను. ఇపుడు ఆ సాకును లేదు. 1966 లో కర్మాగారము కావలెనని వీథులకెక్కిన విశాఖవాసులకు, ఆ కర్మాగారముల నడుమ ఊపిరి కావలెనని అడుగు హక్కు అంతకు రెట్టింపుగా నున్నది. ఓట్ల కొఱకు వచ్చువారిని, నీ పార్టీ యేది యని యడుగుటకు ముందు, మా పేటలో యంత్రమెప్పుడు పెట్టించెదవు, బొగ్గు కుప్పలకు కప్పెప్పుడు వేయించెదవు అని యడుగుడు. ఉత్తరము కాగితముపై వ్రాయించుకొనుడు.

జ్ఞానాపురము విడచి వచ్చునపుడు ఆ వృద్ధురాలు గుడ్డను మఱల ఉతికి దండెముపై ఆరవేసినది. "రేపు మళ్లీ ఇంతే" అన్నది. ఆమె గొంతులో కోపము లేదు. అలవాటు మాత్రమే యున్నది. ఆ యలవాటును మాన్పించుటయే మన కార్యము.